‘తమదైన శైలి’లో రాసిన వార్త

తెలుగు దినపత్రిక జిల్లా పేజీ ఏ రోజుదైనా తీయండి. ఓ మూల ఇలాంటి వార్త ఒకటి కనిపిస్తుంది. పట్టణ శివార్లలో పోలీసులు వాహనాలు తనిఖీ చేస్తుండగా ఇద్దరు యువకులు అనుమానాస్పదంగా కనిపించారు. పోలీసులను చూసి పారిపోయేందుకు ప్రయత్నించగా వెంటాడి పట్టుకున్నారు. తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించారు. జల్సాలకు అలవాటు పడి చోరీలు చేస్తున్నట్లు తేలింది. ఇన్ని తులాల బంగారం, ఇన్ని బైకులు స్వాధీనం చేసుకుని రిమాండుకు తరలించినట్లు డీఎస్పీ తెలిపారు. పక్కనే ఫొటో: టేబుల్ మీద వరసగా పేర్చిన నగలు, కుర్చీల్లో అధికారులు, వాళ్ల వెనక ముసుగులు కప్పిన ఇద్దరు.

ఊరి పేరు, తులాల లెక్క మారతాయి. మిగతాదంతా దశాబ్దాలుగా అదే పాఠం. రోజూ చదివేవాళ్లకు అందులో వింతేమీ అనిపించదు. కానీ ఆ వార్తను మాట మాటగా విడదీస్తే, ప్రతి వాక్యం కోర్టులో పోలీసులకు అవసరమయ్యే ఏదో ఒక పని చేస్తూ ఉంటుంది.

ముందు ‘పారిపోయేందుకు ప్రయత్నించగా’ అన్నది చూద్దాం. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు, ఇంట్లో జరిగిన దొంగతనానికి ఏడేళ్లు. ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో చటుక్కున అరెస్టు చేయకూడదని, నోటీసు ఇచ్చి పిలవాలని, అరెస్టు చేస్తే ఎందుకు చేయాల్సి వచ్చిందో కారణం రాయాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పారిపోతాడనే భయం అలాంటి కారణాల్లో ఒకటి. కాబట్టి నిందితుడు పారిపోబోవాల్సిందే. నిజంగానే పారిపోయేవాళ్లూ ఉంటారు. కాకపోతే జిల్లా పేజీల్లో పట్టుబడిన ప్రతి ఒక్కరూ ముందు పారిపోబోయినవాళ్లే కావడం గమనించాల్సిన సంగతి.

తర్వాతది ‘తమదైన శైలి’. దాని అర్థం తెలియని తెలుగు పాఠకుడు ఉండడు. కొట్టారని రాస్తే కేసవుతుంది, రాయకపోతే అబద్ధమవుతుంది. రెండింటికీ మధ్య పుట్టిన మాట ఇది. ఆ శైలి సరైనదేనని నమ్మేవాళ్లు స్టేషన్లలో తక్కువేమీ లేరు. సీఎస్‌డీఎస్, కామన్ కాజ్ సంస్థలు కలిసి 2019లో వెలువరించిన పోలీసింగ్ నివేదిక కోసం 21 రాష్ట్రాల్లో దాదాపు 12 వేల మంది సిబ్బందిని అడిగారు. చిన్న నేరాలకు కోర్టు విచారణ కంటే పోలీసులే చిన్నపాటి శిక్ష వేయడం మేలని 37 శాతం మంది చెప్పారు. ముస్లింలు స్వభావరీత్యానే నేరాలకు మొగ్గుతారని ‘చాలావరకు’ అనో ‘కొంతవరకు’ అనో ఒప్పుకున్నవాళ్లు సగం మంది. అనుమానాస్పదంగా ‘కనిపించడం’ అంటే ఏమిటో ఈ రెండో అంకె కొంత చెబుతుంది. కనిపించడం చూసేవాడి కంటిని బట్టి కూడా ఉంటుంది.

ఇక ‘నేరం అంగీకరించారు’. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యం కాదు. బ్రిటిష్ కాలపు సాక్ష్యాధార చట్టంలో ఉన్న ఈ నియమమే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఉంది. ఒక్క మినహాయింపు: నిందితుడు చెప్పిన మాటను బట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత వరకు ఆ మాట చెల్లుతుంది. అందుకే టేబుల్ మీద నగలు. ప్రెస్ మీట్ ఫొటోలో ఆర్భాటంలా కనిపించేది నిజానికి కేసులో బరువున్న ఏకైక భాగం. పాఠకుడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం కోర్టులో పనికిరాని ఒప్పుకోలే హెడ్డింగ్ అవుతుంది.

అన్నిటికంటే పదునైనది ‘జల్సాలకు అలవాటు పడి’. దినకూలీ, ఆటో డ్రైవర్, చదువు మానేసిన కుర్రాడు, వీళ్లు దొంగతనం చేస్తే జల్సా కోసమే చేస్తారు. అప్పు, జబ్బు, పని దొరక్కపోవడం అక్కడ కారణాలుగా కనిపించవు. అదే ఒక చిట్‌ఫండ్ యజమాని వందల కుటుంబాల డబ్బుతో బోర్డు తిప్పేస్తే ‘వ్యాపారంలో నష్టాలు రావడంతో’ అని వస్తుంది. బ్యాంకును ముంచినవాడు జల్సారాయుడిగా జిల్లా పేజీకి ఎక్కడం అరుదు. ఒకరిది స్వభావం, ఇంకొకరిది పరిస్థితి. అసమానత గురించి పెద్ద పెద్ద గణాంకాలు చెప్పాల్సిన సంగతిని ఈ రెండు మాటల మధ్య తేడా చెప్పేస్తుంది.

తెలుగులో ఇంకో మాట ఉంది, ‘అరెస్టు చూపించారు’. పట్టుకున్నది ఎప్పుడో, అరెస్టు చూపించింది ఎప్పుడో! అదుపులోకి తీసుకున్న ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణ చెబుతోంది. ఆ నిబంధనకు, వాస్తవానికి మధ్య ఉన్న ఖాళీకి భాష ఒక క్రియాపదమే తయారుచేసి పెట్టింది. అది బజారులో అందరూ వాడే మాట. ఎవరూ ఉలిక్కిపడరు.

విలేకరిని తప్పుపట్టడం తేలిక. మండల స్థాయిలో రాసే కంట్రిబ్యూటర్లలో ఎక్కువ మందికి జీతం ఉండదు. అచ్చయిన దాన్ని కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ ఉంటుంది. అది పెట్రోలుకు కూడా చాలదు. పైగా యాడ్స్ టార్గెట్ ఒకటి. 1980ల చివరలో జిల్లా పేజీలు వచ్చాక ఊరి వార్తకు చోటు దొరికింది, కానీ ఆ చోటు రోజూ నింపాలి. రోజూ నికరంగా, ఖర్చు లేకుండా, పేర్లూ వయసులతో సహా రెడీగా వార్త దొరికే చోటు మండలంలో ఒక్కటే: పోలీస్ స్టేషన్. ప్రెస్ నోట్ వాట్సాప్‌లో వచ్చేస్తుంది. ఎస్సైతో చెడితే రేపటి నుంచి ఆ నోట్ రాదు, పక్క పేపర్ వాడికి వెళ్తుంది. నిందితుడి ఇంటికి వెళ్లి వాళ్ల అమ్మ ఏమంటుందో రాయడానికి ఒక పూట పడుతుంది, లైన్ అకౌంట్‌లో దానికి అదనంగా పైసా రాదు. స్టేషన్ వైపు వాక్యం ఉచితంగా దొరుకుతుంది, అవతలి వైపు వాక్యానికే ఖర్చు.

ఈ భాష ప్రాణాంతకం అయ్యే సందర్భాలూ ఉన్నాయి. 2015 ఏప్రిల్ 7న ఒకే రోజు రెండు ఘటనలు జరిగాయి. శేషాచలం అడవుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది ఎర్రచందనం కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అదే రోజు వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వ్యానులోనే చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారన్నది పోలీసుల మాట. బయటికొచ్చిన ఫొటోల్లో వాళ్ల చేతులకు బేడీలున్నాయి.

నాలుగేళ్ల తర్వాత, 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున, షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి దగ్గర అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. తుపాకులు లాక్కుని పారిపోయేందుకు ప్రయత్నించగా, అదే వాక్యం. జనం పోలీసుల మీద పూలు చల్లారు. చాలా చానళ్లు ఆ వాక్యాన్ని ప్రశ్న లేకుండా చదివాయి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ కమిషన్ ఆ ఒక్క వాక్యాన్ని పరీక్షించడానికి రెండేళ్లకు పైగా పనిచేసింది. సాక్షులను విచారించి, పోస్ట్‌మార్టం నివేదికలు, కాల్పుల తీరు చూసి, తుపాకులు లాక్కున్నారన్న కథనం నమ్మదగింది కాదని తేల్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని చెప్పింది. 2022 మేలో నివేదిక బయటకొచ్చింది, వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది. పూలు చల్లిన రోజు వార్తకు దొరికిన చోటుతో పోలిస్తే నివేదికకు దొరికింది చాలా తక్కువ.

పోలీసులే నిందితులైనప్పుడు వ్యాకరణమూ మారుతుంది. 2007 ఆగస్టులో అప్పటి విశాఖ జిల్లా జి.మాడుగుల మండలం వాకపల్లిలో 11 మంది కోందు ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ బలగాల మీద సామూహిక అత్యాచారం ఫిర్యాదు చేశారు. దొంగతనం కేసులో పోలీసు చెప్పింది ‘తేలింది’ అవుతుంది. ఇక్కడ పదకొండు మంది చెప్పింది దాదాపు పదహారేళ్ల పాటు ‘ఆరోపణ’గానే ఉంది. కేసు కొట్టేయాలన్న పోలీసుల వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2017లో వీగిపోయింది. విచారణ మొదలై 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు తీర్పు ఇచ్చింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెబుతూ 13 మంది పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది, అదే తీర్పులో బాధితులకు పరిహారం ఇవ్వమంది. తప్పు దర్యాప్తు చేసినవాళ్లది, దాని ఫలితం ఫిర్యాదు చేసినవాళ్లకు.

పాత నేరస్తుడు అనే బిరుదు

క్రైం వార్తలో ఇంకో మాట ఉంటుంది, ‘పాత నేరస్తుడు’. దీని చరిత్ర చాలా పాతది, అందులో పెద్ద అధ్యాయం మన కోస్తాలోనే ఉంది.

ఎరుకల కుటుంబాలు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద తీరం నుంచి ఉప్పు మోసుకెళ్లి లోపలి ఊళ్ల నుంచి ధాన్యం తెచ్చేవి. రైళ్లు వచ్చాయి, బ్రిటిష్ ప్రభుత్వం ఉప్పు వ్యాపారాన్ని తన గుప్పిట్లోకి తీసుకుంది, ఆ బతుకుదెరువు పోయింది. తిరుగుతూ బతికేవాళ్లు సర్కారు కంటికి దొంగల్లా కనిపించడం మొదలైంది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్త తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఒక తెగ మొత్తాన్ని నేరస్త తెగగా ప్రకటించవచ్చు. ఆ ప్రకటన చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ అడగకూడదు. పేర్లు నమోదు, వేలిముద్రలు, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటితే శిక్ష.

బాపట్ల, చీరాల మధ్య స్టూవర్టుపురం అలా పుట్టింది. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన సెటిల్‌మెంటు అది, మద్రాసు ప్రభుత్వ అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. సంస్కరణ పేరుతో తెచ్చినవాళ్లలో చాలామంది చీరాలలోని ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి చవకగా దొరికే కూలీలయ్యారు. పరిశోధకులు పాత రికార్డులు తవ్వి బయటపెట్టిన సంగతి ఇది. సినిమాలు, వార్తలు మాత్రం దశాబ్దాల పాటు ఆ ఊరి పేరును దొంగతనానికి మారుపేరుగానే వాడుకున్నాయి. 1970ల నుంచి సంఘ సంస్కర్తలు హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడ చేసిన పని గురించి తెలిసినవాళ్ల కంటే స్టూవర్టుపురం దొంగలు అన్న మాట విన్నవాళ్లే ఎక్కువ.

నేరస్త తెగల చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. దాని చోట రాష్ట్రాలు అలవాటు నేరస్తుల చట్టాలు తెచ్చుకున్నాయి, ఆంధ్రప్రదేశ్‌ది 1962 నాటిది. ఇక స్టేషన్లలో రిజిస్టర్లు ఎక్కడికీ పోలేదు. హిస్టరీ షీటు, సస్పెక్ట్ షీటు, రౌడీ షీటు ఉన్నాయి. మనం సరదాగా తిట్టుకునే ‘కేడీ’ కూడా మద్రాసు పోలీసుల రిజిస్టరు మాటే, ‘నోన్ డిప్రెడేటర్’కు పొడి అక్షరాలు. ఒకసారి షీటు తెరిస్తే చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఆ గుమ్మమే తడతారు. ఎక్కువసార్లు తడితే ఎక్కువ కేసులు, ఎక్కువ కేసులుంటే షీటు కొనసాగించడానికి ఎక్కువ కారణం. ఈ గానుగలో పడ్డవాడు బయటపడటం కష్టం.

చట్టం అండ లేకుండా పోలీసు శాఖ తనకు తాను రాసుకున్న స్టాండింగ్ ఆర్డర్ల ఆధారంగా రౌడీ షీట్లు తెరవడం, రాత్రిపూట ఇళ్లకు వెళ్లడం పౌరుడి గోప్యత హక్కుకు విరుద్ధమని 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పు ఇచ్చారు. ప్రభుత్వం అప్పీలు చేసింది. 2024 మే 7న సుప్రీంకోర్టు ఢిల్లీ కేసు ఒకటి వింటూ, హిస్టరీ షీట్లలో వెనకబడిన వర్గాలు, ఎస్సీ, ఎస్టీల పేర్లు కేవలం పుట్టుకను బట్టి యాంత్రికంగా ఎక్కుతున్నాయన్న అధ్యయనాల సంగతి ఎత్తింది, అన్ని రాష్ట్రాలూ తమ విధానాలు తిరిగి చూసుకోవాలని చెప్పింది.

హైదరాబాద్‌లో ఈలోగా రిజిస్టరు ట్యాబ్‌లోకి మారింది. 2018లో తెలంగాణ పోలీసులు వాడే టీఎస్‌కాప్ యాప్‌కు ముఖాన్ని గుర్తించే సాంకేతికత చేరింది. పాతబస్తీలో అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకెళ్లే ‘ఆపరేషన్ చబుత్రా’ అందరికీ తెలిసిందే. లాక్‌డౌన్‌లో తన మాస్క్ తీయించి ఫొటో తీశారంటూ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. జూబ్లీహిల్స్ పబ్బుల ముందు అర్ధరాత్రి నిలబడే కుర్రాళ్ల కోసం చబుత్రా లాంటి పేరున్న ఆపరేషన్ ఏదీ పుట్టలేదు.

రిపోర్టరు చదివిన మాన్యువల్

ఇంత పకడ్బందీ భాషను ఒక వార్త దాటగలదా అంటే, దాటిన సందర్భం ఉంది. దాని నుంచి ఏం నేర్చుకోవచ్చో చూడాలి.

జర్నలిస్టు సుకన్య శాంత 2020లో ‘ది వైర్’లో జైళ్ల గురించి వరస కథనాలు రాశారు. జైలుకు వెళ్లొచ్చినవాళ్లు చెప్పింది వినడంతో ఆమె ఆగలేదు. రాష్ట్రాల జైలు మాన్యువళ్లు తెప్పించుకుని చదివారు. ఖైదీ కులం రాసుకుని దాన్ని బట్టి పని అప్పగించడం అధికారుల ఇష్టాయిష్టం అనుకునేవాళ్లు. మాన్యువల్ తీసి చూస్తే అది నిబంధన! వంట అగ్రకులాల వాళ్లకు, ఊడ్చే పని ఆ పని ‘అలవాటున్న’ కులాలకు. సంచార తెగల వాళ్లను, ‘నేరస్త తెగల’ వాళ్లను పుట్టుకను బట్టే అలవాటు నేరస్తులుగా చూసే నిబంధనలు ఇంకా పుస్తకంలోనే ఉన్నాయి. 1952లో రద్దయిన చట్టం జైలు గోడల లోపల బతికే ఉంది. ఆంధ్రప్రదేశ్ జైలు నిబంధనలు కూడా కోర్టు ముందుకొచ్చిన వాటిలో ఉన్నాయి.

కథనం చదివి రాజస్థాన్ హైకోర్టు తనంతట తాను కేసు తీసుకుంది, 2021లో ఆ రాష్ట్రం నిబంధనలు మార్చింది. మిగతా రాష్ట్రాలు కదల్లేదు. సుకన్య శాంత సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 అక్టోబరు 3న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం ఆ నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయాలని, మూడు నెలల్లో మాన్యువళ్లు సవరించుకోవాలని చెప్పింది. ఆ డిసెంబరులో కేంద్రం మోడల్ జైలు మాన్యువల్‌ను సవరించింది.

కులం గడి తీసేయడం బాగానే ఉంది, కానీ అక్కడ ఒక చిక్కు ఉంది. జైళ్లలో ఎవరున్నారో దేశానికి తెలిసేది జాతీయ నేర రికార్డుల బ్యూరో వార్షిక నివేదికతోనే. 2022 చివరికి దేశంలో 5,73,220 మంది ఖైదీలు ఉంటే వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి డెబ్బై ఆరుగురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఎస్సీ, ఎస్టీ, బీసీలని చెప్పగలుగుతున్నది ఆ నివేదికలో సామాజిక వర్గాల పట్టికలు ఉండబట్టే. విమోచన తెగలకు, అంటే ఒకప్పుడు నేరస్త తెగల జాబితాలో ఉండి ఆ చట్టం రద్దుతో బయటపడ్డవాళ్లకు, అందులో విడిగా గడి ఎప్పుడూ లేదు. అరెస్టయ్యేవాళ్ల కులం లెక్క బ్యూరో ప్రచురించదు. జైలు గుమ్మం దగ్గర వివక్షకు వాడిన గడినే పరిశోధకుడు వివక్ష రుజువు చేయడానికి వాడతాడు. పనులు పంచడానికి వాడే గడి పోవాలి, లెక్క చెప్పడానికి పనికొచ్చేది ఉండాలి. రెండూ ఒకే రిజిస్టరులో ఉన్నప్పుడు వేరు చేయడం మాట అన్నంత సులువు కాదు.

టాటా ట్రస్ట్స్ చొరవతో వెలువడే ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025లో ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో, తెలంగాణ మూడో స్థానంలో ఉన్నాయి. రెండు ప్రభుత్వాలకూ సంతోషమే. అది ప్రధానంగా కొలిచేది ఖాళీల భర్తీ, బడ్జెట్, సౌకర్యాలు, సిబ్బందిలో మహిళల వాటా వంటివి. స్టేషన్‌లో కుర్చీలెన్నో అది చెబుతుంది. ఆ కుర్చీల ఎదుట రోజూ ఎవరిని నిలబెడుతున్నారో తెలియాలంటే ఎవరో ఒకరు స్టేషన్ స్టేషన్‌కూ తిరిగి ఎఫ్‌ఐఆర్‌లు చదవాలి. భోపాల్‌లోని క్రిమినల్ జస్టిస్ అండ్ పోలీస్ అకౌంటబిలిటీ ప్రాజెక్ట్ మధ్యప్రదేశ్‌లో అదే చేసింది. లాక్‌డౌన్ కాలపు అరెస్టులు, ఎక్సైజ్ కేసుల ఎఫ్‌ఐఆర్‌లు ముందేసుకుని, సారా కేసుల పేరుతో విమోచన తెగల వాళ్లు ఎంతగా స్టేషన్ మెట్లెక్కుతున్నారో చూపించింది. తెలుగు జిల్లాల్లో ఆ స్థాయిలో కూర్చుని చదవాల్సిన కాగితం ఇంకా చాలా ఉంది.

కాగితం దొరకదని సాకు చెప్పే రోజులు కొంత పోయాయి. సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు ఇరవై నాలుగు గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని, ఫుటేజీ వీలైతే పద్దెనిమిది నెలలు, తక్కువలో తక్కువ ఏడాది దాచాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. ‘తమదైన శైలి’ ఏమిటో ఆ ఫుటేజీలో ఉండాలి. కోర్టుకెక్కిన ప్రతి కేసుకూ కోర్టుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ సంఖ్య ఉంటుంది. దాన్ని కొడితే వాయిదాలన్నీ వస్తాయి. రెండేళ్ల కింద ముసుగేసి నిలబెట్టిన కుర్రాడి కేసు ఏమైందో, శిక్ష పడిందో, కొట్టేశారో, ఇంకా వాయిదాల్లోనే ఉందో ఫోన్లో చూడొచ్చు.

దానికి ముందు కేసు ఏదో తెలియాలి. పొద్దున వచ్చిన ఆ వార్తను మళ్లీ తీసి చూస్తే, నిందితుల పేర్లు, వయసులు, ఊళ్లు, ఒక్కోసారి తండ్రి పేరు కూడా ఉంటాయి. డీఎస్పీ పేరు, సీఐ పేరు, ఇద్దరు ఎస్సైల పేర్లు, రివార్డు అందుకున్న కానిస్టేబుళ్ల పేర్లు వరసగా ఉంటాయి. ఎఫ్‌ఐఆర్ మీద ఉండే క్రైం నంబరు మాత్రం ఉండదు.